డ్రైవింగు టీచరు చుక్కాని పట్టిన రోజు

ఆ ఊళ్లో కారు నడిపేవాళ్లలో సగానికి సగం మంది ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లే. మిగతా సగం మంది ఆవిడ దగ్గర నేర్చుకోలేదని వాళ్లు మలుపు తిరిగే తీరు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. ఈ రెండో మాట ఆవిడ సొంతం, నా పూచీ లేదు.

టైర్ల దుకాణం పైన ఇరుకు గదిలో ఆవిడ బడి. బల్ల మీద నాలుగు రోడ్ల కూడలి బొమ్మ, దాని మీద రంగులు ఊడిన బొమ్మకార్లు, గోడకి ట్రాఫిక్ గుర్తుల పటం. కింద వీధిలో, పైకప్పు మీద బోర్డు బిగించిన తెల్ల కారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ కారు పక్క సీట్లో కూర్చుని, వణికే చేతులకి ధైర్యం చెప్పి, దూకుడు కాళ్లకి కళ్లెం వేసి, ఎంతోమందిని రోడ్డెక్కించింది. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ టీచరమ్మా అంటారు. చాటున మాత్రం రెండో బ్రేకు అంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. నేర్పే కారుకి బ్రేకు రెండు చోట్ల ఉంటుంది, నేర్చుకునేవాళ్ల కాలి కింద ఒకటి, టీచరమ్మ కాలి కింద ఒకటి. రెంటినీ లోపల ఒక ఇనుప కడ్డీ కలుపుతుంది. ఒకరు తొక్కితే రెండోవాళ్ల కాలి కిందది కూడా దానంతటదే దిగుతుంది. ఈ ఇనుప కడ్డీ సంగతి కాస్త గుర్తుంచుకోండి, దీంతో పని ఉంది.

కారులో ఆ కాలు అనవసరంగా ఏనాడూ పడదని పేరు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. సినిమా హాల్లో తెర మీద లారీ ఎదురొస్తే ఆవిడ కుడి కాలు ముందు సీటుని తన్నేది. ఇంట్లో భర్త టీ కప్పు అంచు దాకా పోస్తుంటే బల్ల కింద నేలని తొక్కేది. ఏ జత కొన్నా కుడి చెప్పే ముందు అరిగేది. భర్తది రెండు వీధుల అవతల కళ్లద్దాల దుకాణం. నెమ్మదస్తుడు. "అందరికీ కళ్లు మొహంలో ఉంటాయి, మా ఆవిడకి అరికాల్లో ఉన్నాయి" అని దుకాణానికి వచ్చినవాళ్లకల్లా చెప్పి నవ్వించేవాడు. అతనికి తెలియదు గానీ, అందులో చాలా నిజం ఉంది. టీచరమ్మ తొమ్మిదేళ్లుగా దాచిపెట్టిన రహస్యం ఆ అరికాలికే తెలుసు.

వాళ్లకి ఒక్కతే కూతురు. పంతొమ్మిదో ఏట తల్లి దగ్గరే కారు నేర్చుకుంది. మంచి చెయ్యి, అంతకన్నా మంచి కన్ను. ఇంత బాగా నేర్చుకున్నవాళ్లు తన బడిలో నలుగురైదుగురు కూడా లేరని టీచరమ్మకి తెలుసు. ఆ మాట కూతురితో మాత్రం అనలేదు, పొగిడితే పిల్ల పాడైపోతుందని భయం.

లైసెన్సు పరీక్ష రోజు పరీక్షాధికారి వెనక సీట్లో కూర్చున్నాడు. నేర్పినవాళ్లు పక్క సీట్లో కూర్చోవచ్చు. కానీ అవసరం పడి వాళ్లు బ్రేకు తొక్కారంటే పరీక్ష పోయినట్టే. అంతా సాఫీగా సాగి, ఇంకో రెండు వీధుల్లో అయిపోతుందనగా, పక్క సందులోంచి సైకిలు మీద ఒక పెద్దాయన అడ్డంగా వచ్చాడు. కారు ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దాయన ఒకసారి విసుక్కుని వెళ్లిపోయాడు. టీచరమ్మ మోకాలు కిందికి దిగడం మాత్రం వెనకనుంచి అధికారి చూశాడు.

"అవసరమై తొక్కారా, కంగారులో తొక్కారా?" అని అడిగాడాయన. మంచివాడే. కంగారులో అంటే పరీక్ష కొనసాగించేవాడు.

జరిగిందేమిటంటే, టీచరమ్మ తొక్కబోయేసరికే ఆవిడ కాలి కింద బ్రేకు దిగిపోతోంది. అంటే అటువైపు కూతురు అప్పటికే తొక్కింది. పిల్ల సైకిలుని చూసింది, సమయానికి తొక్కింది, ఎంత తొక్కాలో అంతే తొక్కింది. దాని మీద తల్లి కాలు వెళ్లి పడింది. అదంతా అరికాలికి స్పష్టంగా తెలిసింది. అయినా టీచరమ్మ నోటివెంట వచ్చిన మాట ఇది: "అవసరమైంది. తను సైకిలు చూడలేదు."

కూతురు స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. "చూశాననుకున్నానే..." అని మెల్లిగా అంది. "చూస్తే ఆపేదానివి" అంది టీచరమ్మ.

అంతే. ఇల్లు చేరేదాకా కూతురు వెనక సీట్లో కూర్చుంది. మళ్లీ ఏనాడూ కారు నడపలేదు. ఎక్కడికైనా బస్సులోనే. రెండేళ్ల తర్వాత స్నేహితురాలితో సరదాగా సరస్సు దగ్గరికి వెళ్లి తెరచాప పడవ ఎక్కింది. ఇంక అక్కణ్ణుంచి రాలేదనే చెప్పాలి. ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. సరస్సు ఒడ్డున పడవల క్లబ్బులో తెరచాప పడవ నడపడం నేర్పుతుంది. అమ్మ పోలికే అని ఎవరైనా అంటే నవ్వి మాట మార్చేస్తుంది.

తల్లీకూతుళ్లకి మాటల్లేవని కాదు. తిన్నావా అంటే తిన్నాను, పడుకున్నావా అంటే పడుకున్నాను. పక్క వాటాలో అద్దెకున్నవాళ్లతో కూడా అంత మర్యాదగా మాట్లాడరు. ఆ మర్యాదే టీచరమ్మని కోసేది. పిల్ల ఎదురు తిరిగి నాలుగు మాటలంటే ప్రాణం హాయిగా ఉండేది. నిజం చెప్పేయాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఒకసారి పిల్లకి జ్వరం వచ్చినప్పుడు తడిగుడ్డ మారుస్తూ మొదలుపెట్టింది. పిల్ల నిద్రపోయింది. ఇంకోసారి ఫోన్లో. "ఆ రోజు..." అంటుండగా అవతల ఎవరో పిలిచారు, "తర్వాత మాట్లాడతానమ్మా" అంది పిల్ల. ఆ తర్వాత అన్నది మళ్లీ రాలేదు.

అలాంటిది ఒకరోజు కూతురు ఇంటికి వచ్చి, తండ్రి వైపు చూస్తూ, "ఆదివారం క్లబ్బులో మా ఇళ్లవాళ్లని పడవ ఎక్కించుకోవచ్చట. అందరూ రండి నాన్నా" అంది. కాస్త ఆగి, గోడవైపు చూస్తూ, "అమ్మకి కూడా వీలైతే" అంది.

వీలైతేనా! టీచరమ్మ ఆదివారం క్లాసులు నాలుగు రద్దు చేసింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో జ్వరానికి కూడా రద్దు చెయ్యని మనిషి. ఈసారి చెప్పకుండా తిరిగి రాకూడదని గట్టిగా అనుకుంది. నీళ్ల మధ్య పడవలో ఎవరూ పిలవరు, ఎవరూ లేచి వెళ్లిపోరు.

ఆదివారం ఉదయం సరస్సు మీద ఎండ చల్లగా ఉంది. తెల్లటి పడవ, ఆరుగురు పడతారు. భర్త, కూతురు, తను, అత్తగారు. అత్తగారికి డెబ్భై ఎనిమిది. వద్దంటే మొండికేసి మరీ వచ్చింది. లైఫ్ జాకెట్టు తొడుగుతుంటే, "ఇదేంటే పిల్లా, పరుపు కట్టేస్తున్నావు నాకు?" అని మనవరాలిని ఆటపట్టించింది.

టీచరమ్మ అలవాటు కొద్దీ చుక్కాని పట్టేవాళ్ల పక్కన కూర్చుంది. కూతురు చిన్నగా నవ్వింది.

"అది నా చోటమ్మా. నువ్వు ఇటు రా."

"నేనా? నేను నడుపుతానా?"

"మరి ఊరికే చూసి వెళ్తావా?"

తండ్రీ, నానమ్మా ముందువైపు సర్దుకున్నారు. కూతురే పడవని ఒడ్డుకి దూరంగా తీసుకెళ్లి, తెరచాప తాడుని ఒక్క లాగుతో ఊడేలా కొక్కెంలో బిగించి, చుక్కాని కర్రని తల్లి చేతికిచ్చింది. చుక్కాని పడవ వెనక నీళ్లలో ఉంటుంది. దాన్ని తిప్పే పొడుగాటి కర్ర పడవలోకి వస్తుంది. కర్ర గోరువెచ్చగా, కూతురి చేతి వేడితో ఉంది. పట్టుకోగానే టీచరమ్మకి ఎందుకో కళ్లు చెమర్చాయి. ఎండ అనుకుని సరిపెట్టుకుంది.

"ఒక్క సంగతి. కర్ర ఇటు తోస్తే పడవ అటు వెళ్తుంది. కారులా కాదు" అంది కూతురు.

"తెలిసిందిలే."

ఏం తెలిసింది! అంత పెద్ద సరస్సులో, చుట్టుపక్కల నీళ్లు తప్ప ఏమీ లేని చోట, ఎడమ పక్క ఒక పసుపుపచ్చ పీపా తేలుతోంది. దానికి దూరంగా పోదామని టీచరమ్మ కర్రని కుడివైపు తోసింది. పడవ ఎడమకి తిరిగింది. ఇంకా కుడికి తోసింది. పడవ ఇంకా ఎడమకి తిరిగింది. కుడి కాలు పడవ అడుగుని ఠపీమని తొక్కింది. అక్కడ చెక్క తప్ప ఏమీ లేదు.

"పీపా మన దగ్గరికే వస్తున్నట్టుందోయ్" అన్నాడు భర్త, దుకాణంలో అద్దం తుడుస్తున్నంత తీరిగ్గా.

పడవ పీపాకి మెత్తగా తగిలి, పక్కకి జారింది. అత్తగారు పగలబడి నవ్వింది. "ఇన్ని నీళ్లుండగా నీకు ఇదొక్కటే దొరికిందా అమ్మాయ్!"

"అంత పెద్ద పీపా కనపడలేదా? రేపు దుకాణానికి రా, కళ్లు పరీక్ష చేస్తాను" అన్నాడు భర్త.

టీచరమ్మ మొహం కందగడ్డలా అయింది. ఇప్పుడు పిల్ల కర్ర లాక్కుంటుంది అనుకుంది. తనైతే ఎప్పుడో లాక్కునేది. పక్కకి చూసింది. కూతురు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువుగా కూర్చుని ఉంది.

"ఏంటలా కూర్చున్నావు? చలేస్తోందా?"

"లేదమ్మా. నేర్పేటప్పుడు ఇలాగే కూర్చుంటాను. లేకపోతే చేతులు ఊరుకోవు, వెళ్లి కర్ర పట్టేసుకుంటాయి. మళ్లీ చూడు. ఆ కొండ కనపడుతోందా? దాన్ని చూస్తూ పోనీ."

చేతుల మీద కూర్చోవడం! ముప్ఫై ఒక్క ఏళ్లలో తనకి ఈ ఆలోచన ఒక్కసారైనా వచ్చిందా? కాలు ఎప్పుడూ బ్రేకు మీదే. ఒళ్లంతా నేర్చుకునేవాళ్ల మీద అనుమానమే.

కాసేపటికి చెయ్యి కుదిరింది. తెరచాప అంచు కొట్టుకుంటే కర్రని తన వైపు లాక్కోవాలని, అంచు బిగిస్తే అలాగే ఉంచాలని తెలిసింది. నీళ్లు పడవ పక్కనుంచి గలగలమని పోతున్నాయి. చుక్కాని నీళ్లలో ఎలా ఉందో కర్రలోంచి అరచేతికి తెలుస్తోంది. ఎక్కడో కంటికి కనపడని చోట జరుగుతున్నది ఒంటికి తెలియడం టీచరమ్మకి పాత అలవాటే. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. నోరు తెరిచింది. ఈలోగా గాలి వచ్చింది.

కొండ పక్కనుంచి ఒక్కసారిగా, చెప్పాపెట్టకుండా వచ్చింది. తెరచాప ఫట్‌మని నిండింది, పడవ ఒక పక్కకి ఒరిగింది. అత్తగారు కొడుకు భుజం పట్టుకుని కెవ్వుమంది. అంచు మీంచి నీళ్లు చిమ్మి టీచరమ్మ ఒళ్లో పడ్డాయి. కర్రని రెండు చేతులా బిగబట్టింది. కాలు చెక్కని తొక్కుతూనే ఉంది.

"అమ్మా, కర్ర వదిలెయ్" అంది కూతురు. గొంతు పెంచలేదు.

"వదిలితే పడిపోతాం!"

"పడిపోం. వదిలెయ్."

చేతులు తొడల కిందే ఉన్నాయి. టీచరమ్మ ఆ మొహంలోకి చూసింది. వేళ్లు ఒక్కొక్కటే సడలించి, వదిలేసింది. పడవ తనంతట తానే గాలికి ఎదురు తిరిగి, నిటారుగా లేచి, ఆగిపోయింది. తెరచాప ఆరేసిన దుప్పటిలా టపటప కొట్టుకుంది. అత్తగారు ఇంకోసారి కెవ్వుమనబోయి, అక్కర్లేదని తెలిసి మానేసింది.

"దీనికి బ్రేకు ఇదేనా?" అంది టీచరమ్మ, ఆయాసపడుతూ.

"ఇదే. వదిలేస్తే ఆగుతుంది."

"నువ్వెందుకు లాక్కోలేదు? నేను వదలకపోయుంటే?"

"నీ వేళ్లు అప్పటికే సడలుతున్నాయమ్మా. చూశాను. ఇంక నేను మధ్యలో రావడం ఎందుకు?"

ఎంత మామూలుగా అందో. పిల్లకి ఆ మాట బరువు తెలియదు. టీచరమ్మకి తెలుసు. తొమ్మిదేళ్ల కిందట అరికాలికి తెలిసింది సరిగ్గా అదే. అవతల కాలు అప్పటికే పడింది. అది తెలిసి కూడా తను మధ్యలోకి వెళ్లింది. వెళ్లి, పైగా అబద్ధం చెప్పింది. ఇంక ఆపుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"నీ పరీక్ష రోజు" అంది. "సైకిలాయన వచ్చినప్పుడు. నేను తొక్కబోయేసరికి నా కాలి కింద బ్రేకు దిగిపోతోంది. నువ్వే తొక్కావు. ముందు నువ్వే తొక్కావు. నాకు అప్పుడే తెలుసు."

ముందువైపు భర్త ఏదో అనబోయి ఆగాడు. గాలికి వాళ్లకి సగమే వినపడింది.

"చూడలేదని చెప్పావు కదా" అంది కూతురు.

"చెప్పాను. అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"అనవసరంగా ఏనాడూ బ్రేకు తొక్కదని నాకు పేరు. ఆయన ముందు ఆ పేరు పోతుందనిపించింది. ఆ నిమిషంలో నీకంటే నా పేరే ఎక్కువైపోయింది. తర్వాత చెబుదామనుకున్నాను. ఒక రోజు ఆలస్యమైంది. ఒక వారం ఆలస్యమైంది. ఆలస్యమైనకొద్దీ చెప్పడానికి మొహం చెల్లలేదు. నీకు నా మీద ఎంత కోపం ఉన్నా తప్పు లేదు. తిట్టు. ఎన్నైనా తిట్టు."

టీచరమ్మ తిట్లకి సిద్ధపడి, తల వంచుకుంది.

"కోపం ఎప్పుడూ లేదమ్మా" అంది కూతురు. "నేను తొక్కలేదేమో అనుకున్నాను."

"అదేంటి?"

"తొక్కినట్టు నా కాలికి గుర్తు. కానీ నువ్వు లేదన్నావు. బ్రేకు విషయంలో నువ్వు పొరపాటు పడవు కదా. అందుకని నా కాలే తప్పనుకున్నాను. చూసినవి చూసినట్టు, చేసినవి చేసినట్టు ఉత్తినే అనిపిస్తుందేమో నాకు, అనుకున్నాను. అలాంటిదాన్ని, ఎవరి మీదకైనా కారు ఎక్కించేస్తానేమోనని భయమేసింది. ఇక్కడ నీళ్ల మీదైతే అడ్డం వచ్చేవాళ్లుండరు కదా, అందుకని వచ్చాను."

తొమ్మిదేళ్లూ పిల్లకి తన మీద కోపం అనుకుంది. కోపమైతే ఎంత బాగుండేది! పిల్ల తనని నమ్మింది. తల్లి మాట నమ్మి, తన కాలిని తనే కాదనుకుంది. ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ పరీక్షాధికారీ వెయ్యలేడు. చెయ్యి చాచి పిల్ల మోకాలి మీద వేసింది. కుడి మోకాలు. దాన్ని నిమురుతూ ఉండిపోయింది.

"ఇంకోసారి చెప్పు" అంది కూతురు.

"నువ్వే ముందు తొక్కావు."

"నాన్నకి కూడా చెప్పు."

టీచరమ్మ తల ఎత్తింది. పక్క సీట్లోంచి బతుకంతా ఎంత గట్టిగా అరిచిందో అంత గట్టిగా, తెరచాప చప్పుడుని మించి చెప్పింది. "ఏవండీ, అత్తయ్యా! పరీక్షలో ఇది సైకిలుని చూసింది. సమయానికి బ్రేకు తొక్కింది. ఇది తప్పలేదు, నేనే తప్పించాను. నేను అబద్ధం చెప్పాను."

భర్త కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు. "తొమ్మిదేళ్లు నాకు కూడా చెప్పలేదే" అన్నాడు. అంతకంటే కటువుగా మాట్లాడటం ఆయనకి రాదు.

అత్తగారు మాత్రం కోడలి వైపు తీక్షణంగా చూసింది. "తప్పు చేశావు అమ్మాయ్. చాలా తప్పు చేశావు." తర్వాత మనవరాలి వైపు తిరిగి, "నేను అప్పుడే అన్నానా లేదా? దీనికి నా కళ్లొచ్చాయి, చూడకపోవడమేంటి అన్నాను. ఈ ఇంట్లో నా మాట విన్నదెవరు గనక!" అంది. అని, ఆవిడే ముందు కళ్లు తుడుచుకుంది.

తెరచాప ఇంకా కొట్టుకుంటూనే ఉంది. పడవ నీళ్ల మీద మెల్లిగా వెనక్కి జరుగుతోంది. కూతురు లేచి, తెరచాపని చేత్తో ఒక పక్కకి తోసి పట్టుకుంది. గాలి దొరికాక తాడు లాగి బిగించి, వచ్చి తల్లి పక్కనే కూర్చుంది.

"కర్ర పట్టుకో. ఒడ్డుకి నువ్వే తీసుకెళ్లు."

"నా వల్ల అవుతుందంటావా?"

"అవుతుంది."

టీచరమ్మ కర్ర పట్టుకుంది. పడవ కదిలింది. దూరంగా ఒడ్డు, క్లబ్బు రేకుల కప్పు, దాని ముందు బారుగా నిలబెట్టిన పడవలు. కొంత దూరం వెళ్లాక పక్కనుంచి సన్నగా వినపడింది.

"ఇంకోసారి చెప్పమ్మా."

"నువ్వే ముందు తొక్కావు, తల్లీ. నువ్వు చూశావు. నువ్వే ముందు తొక్కావు."

కూతురు తల్లి భుజానికి మొహం ఆనించి ఏడ్చింది. చిన్నపిల్ల ఏడ్చినట్టు, వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంక దారి చెప్పే స్థితిలో లేదు. ఒడ్డు ఎక్కడుందో కూడా చూడటం లేదు. టీచరమ్మకీ కళ్లు మసకబారుతున్నాయి గానీ, రెప్ప వెయ్యకుండా ఎదురుగా చూస్తూ, పడవని నెమ్మదిగా ఒడ్డు వైపు తీసుకెళ్లింది. పిల్ల ఇంకోసారి అడగకముందే, తనే మళ్లీ చెప్పింది.